కాలవకు ఈ పక్క ఇళ్ళు
పధ్నాలుగో భాగం

నీలిమిట్టలో కలాయి వీధికీ చంద్రశేఖర కాలనీకీ నడుమ ఒక మురుగు కాలవ పారుతుంది. మునిసిపాలిటీ పుస్తకంలో మాత్రం ఆ కాలవ లేదు. రెండు పక్కలనూ ఒకే తరగతిలో వేసి, స్థలానికి ఒకే ధర కట్టి, ఆ ధర మీద కొత్త ఇంటిపన్ను నోటీసులు పంపారు. కలాయి వీధిలో నలభై రెండు గడపలకూ ఆ నోటీసులు మోసింది ఆ వీధి పిల్లే, వార్డు సచివాలయంలో పనిచేసే రుహీ. వద్దని తలుపు మూసింది ఆమె తల్లి రంజాన్‌బీ. అంతటితో ఊరుకోక వీధి మొత్తం చేత అభ్యంతరం రాయించి, మొదటి సంతకం తనే పెట్టింది. అప్పటి నుంచి ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నా తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఈలోగా వెల్డింగ్ షెడ్డు పెట్టుకుంటానని కొడుకు అష్ఫాక్ అప్పు అడిగితే, మునిసిపాలిటీ కట్టిన ధరలో మూడో వంతు కూడా ఆ ఇల్లు చేయదని బ్యాంకువాళ్ళు రాసిచ్చారు. కిందటి శనివారం ఆ కాగితం రుహీ కంటపడింది. దాన్ని తల్లి చేతికివ్వాలా, ఆఫీసు ఫైల్లో పెట్టాలా అని రెండు రోజులు మథనపడింది.

సోమవారం పొద్దున రెండూ చేసింది. ఒక జిరాక్సు తల్లి దిండు కింద పెట్టి, ఇంకొకటి ఫైల్లో గుచ్చి ఆఫీసుకు బయలుదేరింది.

విచారణ పదకొండు గంటలకు. మునిసిపల్ ఆఫీసు మేడ మీద సమావేశాల హాల్లో పొడవాటి బల్ల వేసి ఉంది. బల్లకు ఒక వైపు ఆఫీసువాళ్ళు, రెండో వైపు అభ్యంతరం చెప్పుకునేవాళ్ళు. హాల్లోకి అడుగు పెట్టబోతున్న రుహీని రెవెన్యూ ఆఫీసరు మునిరత్నం వరండాలోనే ఆపాడు. నాలుగేళ్ళలో రిటైరయ్యే మనిషి. వీధుల తరగతుల జాబితా మీద ఉన్న సంతకం ఆయనదే.

"మేడమ్ ఏమడిగినా రిజిస్టర్లో ఉండేది సదువు. అంతకు మించి ఒక్క మాట వద్దు. మీ వీధి అని మనసులో పెట్టుకొని మాట్లాడితివా, రేపు నీ ఉద్యోగానికి నేను అడ్డం రాలేను తల్లీ" అన్నాడు. బెదిరించినట్టు లేదు. నిజంగానే భయపడుతున్నట్టు ఉంది.

రుహీ తల ఊపి లోపలికి వెళ్ళి కూర్చుంది. ఎదురుగా తల్లి. నల్ల బురఖా, తెరిచిన ముఖం. బల్ల మీద పెట్టిన రెండు చేతులూ మణికట్టు దాకా మసకబారి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు భర్త పక్కన కూర్చుని కొలిమి తిత్తి ఊది, నవాసారం పొగ పీల్చి, ఊరి ఇత్తడి గిన్నెలకు కలాయి పూసిన చేతులవి. స్టీలు గిన్నెలు వచ్చి ఆ పని పోయింది. వీధికి ఆ పేరు మాత్రం మిగిలింది.

కమిషనర్ పంకజాక్షి నీలిమిట్టకు వచ్చి నాలుగు నెలలే. కుర్చీలో కూర్చోగానే ఫైలు తెరిచి, "ఒక్కొక్కరే మాట్లాడండి. ముందు పెద్దమ్మ" అంది.

రంజాన్‌బీ లేచి నిలబడింది. మడతపెట్టిన రెండు కాగితాలు తీసి, ఒకదాని పక్కన ఒకటి పరిచింది.

"అమ్మా, నాకు తెలుగు అచ్చరాలు కూడబలుక్కుంటే గాని రావు. అంకెలు మాత్రం వస్తాయి. ఇది మీరు పంపిన కాయితం. ఇందులో నా ఇల్లు ముప్పై నాలుగు లచ్చలు. ఇది బ్యాంకోళ్ళు ఇచ్చిన కాయితం. ఇందులో అదే ఇల్లు పది లచ్చలు. యాలంటే, ఇంటి ముందర మురుగు కాలవ ఉండాది, వీధిలోకి లారీ రాదు, ఈడ కొనేటోళ్ళు ఉండరు అని రాసినారు. నా ఇల్లు ఒగటే గదమ్మా? మీది నిజమైతే నా కొడుక్కి వాళ్ళు అప్పియ్యాల. వాళ్ళది నిజమైతే మీరు నన్ను ఇంత పన్ను అడగగూడదు. రెండూ నిజమెట్లా అయితాది?"

వెనక వరుసల్లో కూర్చున్న కలాయి వీధి జనంలో కదలిక వచ్చింది. పంకజాక్షి రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుని చదివింది. బ్యాంకు కాగితం రెండోసారి చదివింది.

"బ్యాంకోళ్ళు వాళ్ళ జాగర్త కోసరం తగ్గించే కడతారు మేడమ్. దాన్ని మనం లెక్కలోకి తీసుకోకూడదు" అన్నాడు మునిరత్నం.

"తగ్గిస్తే ఇరవై శాతం తగ్గిస్తారు. ఇంత తగ్గించరు." ఆమె రుహీ వైపు తిరిగింది. "ఆ వార్డు మీదే కదా. ఇంటింటికీ పోయి కొలిచింది మీరే. కాలవకు ఆ పక్కకూ ఈ పక్కకూ తేడా ఉందా?"

రుహీ లేచింది. రిజిస్టరు తెరిచింది. "బ్లాకు ఏడు, మొదటి తరగతి, చంద్రశేఖర కాలనీ మరియు పరిసరాలు..." అని చదవబోయి, 'పరిసరాలు' అన్న మాట దగ్గర ఆగింది. ఆ ఒక్క మాటలో తాను పుట్టిన వీధి ఉంది. రిజిస్టరు మూసింది.

"ఉండాది మేడమ్. కాలనీలో రోడ్డు ముప్పై అడుగులు. కలాయి వీధిలో మొదట పదకొండు, లోపలికి పోతే ఎనిమిది. కాలనీకి నీళ్ళు రోజూ వస్తాయి. ఈడ నాలుగు రోజులకొక తూరి. చెత్తబండి కాలనీలో ఇంటింటికీ పోతాది. ఈడ లోపలికి రాదు, అందుకని జనం కాలవలోనే వేస్తారు. కాలనీ చెత్త కూడా కొంత ఆ కాలవలోకే వస్తాది. వీధి దీపాలు కాలనీలో పంతొమ్మిది, ఈడ మూడు. మూడిట్లో రెండు వెలగవు. ఇవన్నీ నేను టేపు పెట్టి కొలిచి, లెక్కబెట్టి రాసినవే. సర్వే కాగితాల్లో ఉండాయి. పైకి పోయిన జాబితాలోకి రాలేదు."

మునిరత్నం ముఖం ఎర్రబడింది. "వీధి ఎనిమిదడుగులుంటే మటుకు ఏమొచ్చె? మనుషులు నడిచేదానికి ఎనిమిదడుగులు చాలవా?"

రుహీ ఆయన వైపు చూసింది. జవాబు చెప్పాలని ఆమె అనుకోలేదు. మాట దానంతటది వచ్చేసింది.

"మా నాయన జనాజా ఆ మలుపులో తిరగలేదు సార్."

రుహీ రిజిస్టరు బల్ల మీద పెట్టింది.

"మూడేండ్ల కిందట కార్తీక మాసం వానల్లో పోయినాడు మా నాయన ఫకృద్దీన్. కాలవ పొంగి వీధిలో మోకాటి లోతు మురుగు నీళ్ళు. నలుగురు జనాజా మంచం ఎత్తుకొని వస్తే కొళాయి కాడ మలుపులో అది పట్టలేదు. ఎనక్కి పోయినారు, ముందుకు వచ్చినారు. పక్కకు వంచితే శవం జారతాదని భయం. ఆఖరికి పక్కింటోళ్ళ పిట్టగోడ మీదికి ఎత్తి, అవతల పక్క దించినారు. ఆ నీళ్ళలో నిలబడుకొనే మా అన్న కిందినుంచి పట్టుకున్నాడు." ఆమె కమిషనర్ వైపు తిరిగింది. "వీధి కొలత అడిగినారు గదా మేడమ్. ఆ మలుపు కాడ ఏడడుగుల తొమ్మిది అంగుళాలు."

కూర్చుంది. రిజిస్టరు ముందుకు లాక్కుంది. తల ఎత్తేసరికి తల్లి ఆమెనే చూస్తోంది. నోటీసు రోజు తర్వాత ఆ కళ్ళు కూతురి ముఖం మీద నిలవడం ఇదే మొదటిసారి.

అప్పుడు చంద్రశేఖర కాలనీ సంఘం అధ్యక్షుడు ఏకాంబరం లేచాడు. రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఏ సెంటు ఎంత పలుకుతుందో ఊళ్ళో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కలాయి వీధికి పన్ను తగ్గిస్తే ఆ బరువు తమ మీద పడుతుందని పోయిన నెలలోనే కౌన్సిలర్ల ఇళ్ళ చుట్టూ తిరిగాడు. ఇప్పుడూ అడ్డం పడతాడని అందరూ చూస్తున్నారు.

"మేడమ్, ఆ పాప చెప్పింది అక్షరాలా నిజం. ఆ వీధిని మాతో కలపడమే తప్పు. వేరు చెయ్యండి. మూడో తరగతిలో వెయ్యండి. మా సంఘం తరఫున తీర్మానం కూడా తెచ్చినాను."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. రంజాన్‌బీ రెండు చేతులూ ఎత్తి, "అల్లా నిన్ను సల్లంగా సూడాల ఏకాంబరం అన్నా" అంది.

"ఇంకొకటి మేడమ్" అన్నాడు ఏకాంబరం. "తరగతి ఒక్కటి మారిస్తే చాలదు. స్థలాల రిజిస్ట్రేషన్ విలువ కూడా తగ్గించమని ఆ శాఖకు రాయాల. లేకుంటే వచ్చే ఏడాది మళ్ళా ఇదే తగువు. ఈ నెల లోపల పోతే బాగుంటాది."

"ఈ నెల లోపలే ఎందుకు?" అంది కమిషనర్.

"పేదోళ్ళ పని, ఆలస్యం యాలని."

పంకజాక్షి గడియారం చూసింది. "న్యాయంగానే ఉంది. రెండు గంటలకు ఉత్తర్వు చదువుతాను. రుహీ, టౌన్ ప్లానింగ్‌లో ఆ వీధి పటం తీసుకురండి. ఉత్తర్వుకు జతచేయాలి."

టౌన్ ప్లానింగ్ గది కింది అంతస్తులో వెనకవైపు. పటాలు గీసే నవీన అప్పుడే అన్నం క్యారియరు విప్పింది. నగరిలో మగ్గాల ఇంటి పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు గడువు అయిపోతుంది, పొడిగింపు కాగితం కమిషనర్ బల్ల మీద ఉంది. చేతికి పెరుగన్నం అంటుకుని ఉండడంతో మోచేత్తో బీరువా చూపించింది.

"ఆ రెండో అరలో కట్ట ఉండాది సూడు రుహీ. ఏడో బ్లాకు అని రాసుంటాది."

రుహీ కట్ట విప్పింది. పైన పాత పటం. దాని కింద ఇంకొక పటం, కొత్తది. అందులో కాలనీ, కాలవ, కలాయి వీధి అన్నీ ఉన్నాయి. వాటి మీదుగా రెండు గీతలు పోతున్నాయి. ఎర్ర గీత కాలనీ పార్కును కోసి, పదకొండు ఇళ్ళను దాటుకుంటూ పోయి బైపాసులో కలుస్తోంది. నీలం గీత కలాయి వీధి ఉత్తరపు వరుస మొత్తాన్ని, పంతొమ్మిది ఇళ్ళను తుడుచుకుంటూ పోయి అదే బైపాసులో కలుస్తోంది. ఆ వరుసలో ఆరో ఇల్లు తమది. కింద పెన్సిలుతో ఎవరో రాశారు: "విలువల సవరణ తరువాత, తక్కువ ఖర్చు పడే దారి ఖాయం చేయాలి."

"నవీనా, ఇదేంది?"

నవీన తిరిగి చూసి, తింటున్న ముద్ద గిన్నెలోనే వదిలేసి లేచి వచ్చింది. "అయ్యో, అది కాదు నేను చెప్పింది. అది లోపల పెట్టు. ఇంగా బయటికి రాలేదు."

"రోడ్డా?"

"యాభై అడుగుల రోడ్డు. చిత్తూరు నుంచి వచ్చే మామిడి లారీలు ఊర్లోకి రాకుండా." గొంతు తగ్గించింది. "రెండు దారులు గీయమన్నారు, గీసినా. యాడ భూమి ధర తక్కువో ఆడ పోతాది, నెలాఖరుకు ఖాయం చేస్తారంట. ఇండ్లు పోయినోళ్ళకు డబ్బులిచ్చేది రిజిస్ట్రేషన్ విలువ మీదనే గదా. ఇప్పుడైతే రెండు పక్కలా ఒగటే ధర. ఇండ్లు తక్కువ పోతాయని ఎర్ర గీతే ఖాయమనుకుంటా ఉండిరి."

"ఏకాంబరం సార్ ఇల్లు ఎర్ర గీతలో ఉండాదా?"

నవీన పటం మీద వేలు పెట్టింది. పార్కు పక్కన మూలమీది ఇల్లు. "రెండు తూర్లు వచ్చి సూసిపోయినాడు. సూపించమన్నది ఎవురని నన్ను అడగొద్దు."

రుహీ పాత పటం మాత్రం తీసుకుని బయటికి వచ్చింది. మెట్ల దగ్గర నిలబడిపోయింది. ఇందాక హాల్లో ఏకాంబరం చూపిన మంచితనమంతా ఇప్పుడు ఆమెకు అర్థమైంది. కలాయి వీధి ధర తగ్గాలి. పన్ను తగ్గిందని జనం సంతోషించాలి. సంతకాలు వాళ్ళే పెట్టాలి. ఆ తర్వాత ఆ తగ్గిన ధరకే వాళ్ళ ఇళ్ళు పోవాలి. మోసం అనడానికి అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. వీధి మురికిదే, ఇరుకుదే, అక్కడ ఎవరూ కొనరు. అన్నీ తాను నిలబడి చెప్పినవే.

ఆవరణలో నీళ్ళ ట్యాంకు నీడలో కలాయి వీధి జనం చిత్రాన్నం పొట్లాలు విప్పుకుని కూర్చున్నారు. పండగ వచ్చినట్టు ఉన్నారు. ఏటా ఎంత మిగులుతుందో ఒకరు వేళ్ళ మీద లెక్క పెడుతున్నారు. రంజాన్‌బీ కూతురిని చూసి పక్కకు జరిగింది. "రా బేటా. తిన్నావా?" అంది.

ఇన్నాళ్ళ తర్వాత ఆ మాట విని రుహీకి కళ్ళు నిండాయి. "అమ్మీ, ఒకసారి ఇట్లా రా" అని తల్లిని సైకిళ్ళ షెడ్డు వెనక్కి తీసుకుపోయి, చూసింది చూసినట్టు చెప్పింది.

రంజాన్‌బీ చేతిలోని పొట్లం మడిచి, దారంతో మళ్ళీ కట్టింది.

"ఈ మాట నువ్వు నాకు చెప్పొచ్చా?"

"చెప్పగూడదు అమ్మీ. తెలిస్తే నా ఉద్యోగం పోతాది."

"మరి?"

"ఆ పొద్దు నోటీసులు నేనే తెచ్చిస్తి. మీరు ఏమనుకుంటారో అని కూడా సూడకుండా ఇస్తి. ఈ పొద్దు ఇది దాచిపెట్టి సంతకం పెట్టించుకుంటే, ఇంగ నేను ఆ వీధిలో ఎట్లా నడవాల?"

రంజాన్‌బీ కూతురి తల మీది దుపట్టా సరిచేసింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉంది. "ధర తగ్గించకుండా పన్ను ఒగటే తగ్గించేదానికి దారి లేదా?" అని అడిగింది.

రుహీ ఆలోచించింది. పరీక్షకు చదివినప్పుడెప్పుడో చూసిన మాట. "ఉండాది అమ్మీ. నీళ్ళు, దీపాలు, కాలవ సరిగ్గా లేని చోట, అవి వచ్చేదాకా పన్నులో కోత ఇయ్యొచ్చు. కౌన్సిల్ ఒప్పుకోవాల. మన ఊర్లో ఎప్పుడూ ఇయ్యలేదు. ఎవురూ అడగలేదు."

"అడిగితే సరిపోయె" అంది రంజాన్‌బీ.

రెండు గంటలకు పంకజాక్షి ఉత్తర్వు చదివింది. కలాయి వీధిని మూడో తరగతికి మార్చడమైనది. స్థలాల విలువను అందుకు తగినట్టు తగ్గించవలసిందిగా రిజిస్ట్రేషన్ శాఖకు సిఫార్సు చేయడమైనది. పిటిషనుదారులకు ఇందుకు సమ్మతమే. చదవడం అయ్యాక కాగితం రంజాన్‌బీ ముందుకు జరిపి పెన్ను ఇచ్చింది.

రంజాన్‌బీ పెన్ను తీసుకుంది. కాగితం మీద పెట్టింది. మళ్ళీ ఎత్తి బల్ల మీద పడుకోబెట్టింది.

"అమ్మా, మీరు తగ్గించేది పన్నునా, నా ఇంటి ధరనా?"

"ధర తగ్గితేనే కదా పన్ను తగ్గేది. రెండూ ఒకటేనమ్మా."

"ఒగటి కాదమ్మా. మా ఆయనా నేనూ రాయి మీద రాయి పెట్టుకున్న ఇల్లు అది. ఇల్లు చవక కాదు. వీధిని చవక చేసి పెట్టినారు. నీళ్ళియ్యలా, దీపం పెట్టలా, కాలవ కట్టలా. అవి ఇచ్చినాక మీరు ఎంత పన్ను అడిగినా కడతాము. ఇచ్చేదాకా కోత పెట్టండి. దానికి చట్టంలో దారుండాదంట. నా ఇంటి ధర మాత్రం తగ్గించొద్దు. నేను సంతకం పెట్టను."

వెనక కూర్చున్న వీధి జనం నివ్వెరపోయారు. ఏకాంబరం గబాలున లేచాడు. "రంజాన్‌బీ అక్కా, నోటికాడికి వచ్చిన కూడు యాల తోసేసుకుంటావు? నేను మీ మంచికే గదా చెప్పింది."

రంజాన్‌బీ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఏకాంబరం అన్నా, మీ అమ్మ ఉన్నప్పుడు మీ ఇంటి బిందెలకు ఏటేటా కలాయి పూసింది మేము. మీ ఇంటి ఉప్పు నేనూ తిన్నా. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. కొత్త రోడ్డు మా ఇండ్ల మీద పోతాదని నీకు తెలుసునా, తెలీదా?"

ఏకాంబరం కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"తెలుసు" అన్నాడు చివరికి. "ముప్పై ఏండ్లు ఊరందరి ఇండ్లూ రిజిస్టరు చేస్తి. నాకంటూ ఒక ఇల్లు రిటైరయినాకనే అమిరింది. దాని మీద గీత గీసుండేది సూసినాక రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు అక్కా. రోడ్డు ఎవురో ఒకరి ఇంటి మీద పోవాల్సిందే గదా. నా ఇంటి మీద పోగూడదనుకుంటి. అది తప్పా?"

"తప్పు కాదన్నా. ఆ మాట నా కాడికొచ్చి చెప్పింటే తప్పు కాదు. నీ ఇల్లు నీకెంతో నా ఇల్లు నాకంత. ఇద్దరం కలిసి వచ్చి ఈయమ్మను అడిగుందుము, ఆ రోడ్డు ఎవురి ఇండ్ల మీదా పోకుండా ఇంకొక దారి సూడమని. నువ్వు నాకు మంచి చేస్తానని వస్తివి. నేను నీ కోసరం అల్లాకు దువా కూడా చేస్తి."

ఏకాంబరం కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన తల ఎత్తలేదు.

పంకజాక్షి ఉత్తర్వు కాగితం వెనక్కి లాక్కుంది. దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సంతకం చేసింది. ఇంకో కాగితం తీసుకుని తనే రాయడం మొదలుపెట్టింది. పావుగంట తర్వాత చదివింది. కలాయి వీధి స్థలాల విలువలో మార్పు లేదు. నీరు, దీపాలు, మురుగు కాలవ కల్పించే వరకు ఆ వీధి ఇళ్ళకు పన్నులో సగం కోత. దీన్ని వచ్చే కౌన్సిల్ సమావేశంలో పెట్టడమైనది. అంతవరకు పాత పన్నే వసూలు చేయాలి. గురువారం కమిషనరు స్వయంగా వీధిని తనిఖీ చేస్తారు.

"ఇప్పుడు సమ్మతమా?"

రంజాన్‌బీ కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో, తొందర లేకుండా సంతకం పెట్టింది. వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరో ముసలాయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఈసారి చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఏం గెలిచామో, ఏం పోగొట్టుకోబోయామో వాళ్ళకింకా పూర్తిగా తెలియలేదు.

అందరూ లేవబోతుండగా, "ఒక్క నిమిషం" అంది పంకజాక్షి. "ఆ రోడ్డు పటం ఇంకా ముసాయిదానే. కౌన్సిల్‌కే పోలేదు. ఆ సంగతి మీకెలా తెలిసిందమ్మా?"

రంజాన్‌బీ రెప్ప వాల్చకుండా, "ఊర్లో అనుకుంటా ఉండారు" అంది. ఆమె అబద్ధం చెప్పగా రుహీ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు.

"ఊళ్ళో ఎవరు?"

"సంతలో. పేరు తెలీదు."

మునిరత్నం కళ్ళు మెల్లగా రుహీ మీదికి తిరిగాయి. పటం తెమ్మని ఆమెను పంపిన సంగతి హాల్లో అందరికీ తెలుసు. కమిషనర్‌కూ తెలుసు. అయినా ఆమె రుహీని అడగలేదు. పెద్దమ్మ చెప్పిన జవాబు రాసుకుని ఫైలు మూసేయడానికి సిద్ధపడినట్టే పెన్ను తీసింది. రుహీ ఊరికే కూర్చుంటే చాలు, గండం గడిచిపోయేది. కానీ తనకోసం తల్లి చేత ఆ అబద్ధం కాగితం మీదికి ఎక్కించడం ఆమె వల్ల కాలేదు.

"అమ్మీకి చెప్పింది నేనే మేడమ్."

"రుహీ!" అంది రంజాన్‌బీ.

పంకజాక్షి తీసిన పెన్నుకు మూత పెట్టింది. "అందరూ బయటికి వెళ్ళండి" అంది. వీధి జనం, ఏకాంబరం, ఆఖరున మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ రంజాన్‌బీ, అందరూ వెళ్ళారు. మునిరత్నం, రుహీ మిగిలారు. పంకజాక్షి ఒక తెల్లకాగితం బల్ల మీదుగా రుహీ ముందుకు తోసింది.

"నువ్వు చేసింది న్యాయమో కాదో నేనిప్పుడు చెప్పను. ఆఫీసు గుట్టు బయటపెట్టావు. అది తప్పు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టు. ఆ పటం నీకు ఎవరి దగ్గర దొరికిందో కూడా రాయాలి."

రుహీ మొదటి రెండు వాక్యాలు రాసింది. మూడో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. నవీన పేరు రాస్తే కమిషనర్ బల్ల మీదున్న ఆ పొడిగింపు కాగితం ఏమవుతుందో ఆమెకు తెలుసు. రాయకపోతే, తల్లిని ఆపి తాను చెప్పిన నిజం సగం నిజమే అవుతుంది.

"రాయి" అన్నాడు మునిరత్నం. "ఇచ్చినోళ్ళ పేరు రాసి పడెయ్యి. నీకు శిక్ష తగ్గుతాది."

తలుపు కిర్రుమంది. ముగ్గురూ తిరిగి చూశారు. గడప మీద నవీన నిలబడి ఉంది. కిందికి దిగిన జనం నోట విని మెట్లు పరుగున ఎక్కి వచ్చిందేమో, రొప్పుతోంది. చేతిలో ఆ కొత్త పటం ఉంది.

"ఆ పిల్లకు నేను ఇయ్యలేదు మేడమ్, నా బీరువాలో దానికి కనపడింది. పేరు రాయాలంటే నాది రాసుకోండి" అంది. తర్వాత మునిరత్నం ముఖంలోకి చూసింది. "ఏకాంబరం సార్‌కు ఈ పటం సూపించమని రెండు తూర్లు నాకు చీటీ రాసి పంపినోళ్ళ పేరు కూడా రాయిస్తారా? చీటీలు నాకాడ ఉండాయి."

మునిరత్నం కుర్చీ వెనక్కి నెట్టుకుని లేచాడు.